చలువ చొక్కాకి పరీక్ష ఎక్కడ పెట్టాలి?

సైనికుల కోసం ఒంటిని చల్లబరిచే చొక్కా తయారుచేశామని ఎవరైనా చెబితే, నేను ముందు అడిగేది "ఎంత చల్లబరుస్తుంది?" అని కాదు, "ఏ గాలిలో పరీక్షించారు?" అని. ఎందుకో రెండు చిన్న లెక్కల్లో చూద్దాం.

ఒంటికి సహజంగా ఉన్న ఏసీ చెమట. లీటరు చెమట ఆవిరైతే సుమారు 2400 కిలోజౌళ్ల వేడి పోతుంది. ఆవిరైతేనే సుమా! కారిపోయిన చెమట లెక్కలోకి రాదు. ఆవిరవ్వాలంటే చర్మం దగ్గరి ఆవిరి పీడనం గాలిలో కంటే ఎక్కువుండాలి. 35 డిగ్రీల తడి చర్మం దగ్గర అది 5.6 కిలోపాస్కల్. జైసల్మేర్‌లో 42 డిగ్రీలు, 20 శాతం తేమ అనుకుందాం. గాలిలో 1.6, తేడా 4. మా మనుబోలులో 36 డిగ్రీలు, 70 శాతం తేమ అనుకుందాం. గాలిలో 4.2, తేడా 1.4 మాత్రమే. థర్మామీటరు ఆరు డిగ్రీలు తక్కువే చూపిస్తోంది. కానీ గాలి వేగం ఒకటే అయితే చెమట ఆరే వేగం దాదాపు మూడో వంతుకి పడిపోయింది. మనం ఉక్కపోత అనేది దీన్నే. నీళ్లలో తడిపి వేసుకునే చొక్కాదీ ఇదే సూత్రం కాబట్టి, ఎడారిలో పాసైనది మా ఊళ్లో ఫెయిలవ్వొచ్చు. 1950ల్లో అమెరికా మెరైన్ల శిక్షణ కోసం రూపొందిన డబ్ల్యూబీజీటీ సూచికలో తడిబల్బు రీడింగుకే 70 శాతం విలువ ఇచ్చింది అందుకే.

మరి ఐసు ప్యాకుల చొక్కా? దానికి తేమతో పేచీ లేదు, కానీ బరువుంది. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్లు, రెండు కిలోలకి 668. మూట మోస్తూ వేగంగా నడిచే మనిషి సుమారు 400 వాట్ల వేడి పుట్టిస్తాడనుకుంటే, ఐసంతా ఆ వేడినే పీల్చుకున్నా 28 నిమిషాల్లో కరిగిపోతుంది. ఆ తర్వాత అది రెండు కిలోల బరువు, పైగా చెమట ఆరకుండా అడ్డు. ఎలాగూ చెమట ఆరని బాంబు నిర్వీర్యం సూటు లోపల, కాసేపటి పనికైతే బాగానే పనికొస్తుంది.

హైదరాబాద్ సంస్థ జార్ష్ తయారుచేసే ఏసీ హెల్మెట్ లాంటి బ్యాటరీ పరికరాలకీ ఇవే ప్రశ్నలు: బరువెంత, ఎంతసేపు, తీసిన వేడి ఎటు పోతోంది?

పరీక్షలో మొదట చెమట పట్టే బొమ్మ, తర్వాత వేడి గదిలో ట్రెడ్‌మిల్ మీద వాలంటీర్లు, చివరికి మైదానం. వాలంటీర్ల దగ్గర కొలవాల్సింది "హాయిగా ఉందా?" అన్నది కాదు, శరీరం లోపలి ఉష్ణోగ్రత. చర్మం చల్లగా ఉండి లోపల వేడి పెరుగుతుంటే, ఆగాల్సిన మనిషి ఆగకుండా నడుస్తాడు. అలాంటి చొక్కా అసలు లేకపోవడమే నయం.

2015 మే వడగాడ్పులకి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. సైనికుడికి ఆగమని చెప్పే అధికారి ఉంటాడు. ఎడగారు పొలంలో కూలీకి ఎవరూ చెప్పరు, ఆగితే ఆ పూట కూలీ పోతుంది. ఫైనలియర్ ప్రాజెక్టుకి ఇలాంటిది చేద్దామనుకునే జూనియర్లూ, ల్యాబ్ రీడింగులతో ఆపకండి. తేమ, పని తీవ్రత, బరువు, సమయం, ఈ నాలుగూ రాయని రిపోర్టుని రిపోర్టనుకోకండి.