తెడ్డు చెక్కబోయే ముందు

నర్మెట్ట

బిడ్డా,

బొమ్మకూరు రిజర్వాయర్‌లో చేపలు పట్టేటోళ్లు తెడ్డు చేసిపెట్టమంటే ఒప్పుకున్నవని తెలిసి సంబురమైంది. మన ఇంట్ల నాగళ్లు, గుంటకలు, బండి చక్రాలు చేసిన చేతులే గాని తెడ్డు పని తక్కువ. ఎండాకాలం చెరువులు అడుగంటే మెట్ట ఊళ్లు మనవి. గంగారం కాడి గోదావరి నీళ్లు దేవాదుల ఎత్తిపోతలతోటి ఇటుదాకా వచ్చినంకనే తెప్పలతో మనకు పని పెరిగింది. అందుకే నాకు తెలిసింది రాస్తున్న.

నాగలికి నల్లతుమ్మ చేవ తీసుకుంటం, అది గట్టిగ, బరువుగ ఉండాలె. తెడ్డుకు అదే కర్ర పెడితే పొద్దుగూకేసరికి మనిషి రెక్కలు పడిపోతయి. గుమ్మడి టేకు దొరికితే తీసుకో. తేలికగ ఉంటది, తడికీ ఎండకూ పెద్దగ వంకరపోదు. లేకుంటే టేకు. చెట్టు కొట్టేముందు అనుమతి మాత్రం తీసుకో, 2002ల వచ్చిన వాల్టా చట్టం ఉన్నది.

దుంగను కోత మిల్లుకు పంపకు. ఈ ఒక్కమాట గట్టిగ చెప్తున్న. రంపం నారను చూడదు, గీసిన గీత వెంట పోతది. నార పక్కకు మళ్లిన చోట అడ్డంగ తెగుతది. ఆ తెగిన నార తెడ్డు మెడల పడితే, లోతు నీళ్లల్ల బలంగ లాగినప్పుడు అక్కన్నే విరుగుతది. గొడ్డలి, సీలలు పెట్టి చీల్చు. చీలిక నార వెంటే పోతది. మెలికపడి చీలితే ఆ చెక్కను ఇంకో పనికి పెట్టు, తెడ్డుకు వద్దు. పచ్చి మీదనే బాడిసెతోటి మోటుగ రూపం తీసి, కొనలకు పేడ పూసి నీడకు ఆరబెట్టు. కొనల నుంచే తేమ తొందరగ పోతది, పగుళ్లు అక్కడే మొదలైతయి.

పొడుగు పట్టేటోని గడ్డం దాకా, ఆకు వెడల్పు జానెడు. ఆకు చెక్కేటప్పుడు ఎక్కువ వెడల్పున్న చోట మొదలుపెట్టి కొస దిక్కు ఒకసారి, మెడ దిక్కు ఒకసారి దిగు. ఎదురు చెక్కితే బాడిసె నారల దూరి పెళ్ల లేస్తది. నడుమ వెన్ను మందంగ ఉంచి, అంచులకు పోను పోను పలుచన చెయ్యి. కాడను మొదలు నలుపలకలు, తర్వాత ఎనిమిది పలకలు, ఆఖరుకు గుండ్రం చెయ్యి. ఒక్కసారే గుండ్రం చెయ్యబోతే ఒక పక్క లోతు పడుతది. ఆకు, కాడ కలిసే చోట మూల రానియ్యకు, వంపుగ కలుపు. ఉలి, బాడిసె పదును తగ్గిందనిపిస్తే పని ఆపి సానపట్టు. మొద్దు పనిముట్టుకు బలం ఎక్కువ పెట్టాల్సొస్తది, చెయ్యి తెగేది అప్పుడే.

నున్నగ చేసేటందుకు గాజుపెంకుతోటి నార వెంట గీకితే చాలు. వార్నిష్ వద్దు, తడి చేతుల బొబ్బలు లేస్తయి. అవిసె నూనె పలుచగ పట్టించి ఆరనియ్యి, మళ్లోసారి పట్టియ్యి. నూనె గుడ్డలు ఉండచుట్టి మూలకు పడెయ్యకు, వాటికవే అంటుకుంటయి. నీళ్లల్ల ముంచో, బయట గాలికి పరిచో పెట్టు.

తెడ్డు ఇచ్చి పైసలు తీసుకుని వచ్చెయ్యకు. తెప్ప మీద చేపలు పట్టేటాయనతో పాటు కూసొని, చెయ్యి ఎక్కడ పట్టుకుంటున్నడో చూడు. అక్కడ కాడ లావైతే ఉలి తోటి తగ్గించి రా.

మీ పెద్దబాపు