అమెరికాలో ట్రావెల్ రివార్డ్స్: స్కోరు 750 దాటినా కార్డు ఎందుకు రాదు? 5/24 లెక్క ఇదీ

ఫోన్ కొనే ముందు మనం పది రివ్యూలు చూస్తాం. చిప్‌సెట్ ఏంటి, బ్యాటరీ ఎంత, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు అని గంటలు గంటలు పోల్చుకుంటాం. తీరా బిల్లు కట్టేచోట "మా కార్డు తీసుకుంటే ఇప్పుడే డిస్కౌంట్" అనగానే రెండు నిమిషాల్లో అప్లై చేసేస్తాం. అమెరికాలో ఉన్నవాళ్లకైతే ఆ రెండు నిమిషాలు హైదరాబాద్ ఫ్లైట్ టికెట్ అంత ఖరీదు కావచ్చు. ఎలాగో ఈ ఆర్టికల్‌లో లెక్కలతో సహా చూద్దాం.

నేను డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. ఇక్కడికి ఎంఎస్ చదవడానికి వచ్చే మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఫోన్ల గురించి, ఆ తర్వాత కార్డుల గురించే. "అన్నా, స్కోరు బాగానే ఉంది, బిల్లు ఒక్క రోజు కూడా లేటు చేయలేదు, అయినా ట్రావెల్ కార్డు రాలేదేంటి?" అన్నది నాకు బాగా అలవాటైన ప్రశ్న. దీనికి జవాబు చాలాసార్లు స్కోరులో ఉండదు, తేదీల్లో ఉంటుంది.

ముందు ఒక్క మాట

పాయింట్ల ఆట ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టేసేవాళ్లకే లాభం. ఇక్కడ కార్డు వడ్డీ ఏడాదికి 20 శాతం దాటడం మామూలే. మూడు నెలలు బాకీ మోస్తే వచ్చిన పాయింట్లు వడ్డీకే సరిపోతాయి. మినిమమ్ డ్యూ కట్టి నెట్టుకొచ్చే పరిస్థితి ఉంటే ఈ ఆర్టికల్ పక్కన పెట్టేసి ముందు బాకీ తీర్చండి.

బ్యాంకులు లిమిట్ ఎందుకు పెడతాయి?

ట్రావెల్ కార్డుల్లో అసలు సొమ్ము రోజువారీ ఖర్చు మీద వచ్చే పాయింట్లలో లేదు, వెల్‌కమ్ బోనస్‌లో ఉంది. కొత్త కార్డు తీసుకుని, మొదటి మూడు నెలల్లో బ్యాంకు చెప్పినంత ఖర్చు పెడితే ఒకేసారి 60,000, ఒక్కోసారి 1,00,000 పాయింట్లు పడతాయి. బ్యాంకుకు ఇది పెట్టుబడి. మీరు ఏళ్ల తరబడి ఆ కార్డు వాడతారన్న ఆశతో ఇస్తుంది.

2016 ఆగస్టులో ఛేజ్ బ్యాంకు సఫైర్ రిజర్వ్ కార్డును 1,00,000 పాయింట్ల బోనస్‌తో తెచ్చింది. జనం ఎగబడ్డారు. ఆ ఏడాది చివరి త్రైమాసికంలో ఈ కార్డు వల్ల లాభం 20 నుంచి 30 కోట్ల డాలర్ల దాకా తగ్గొచ్చని ఆ బ్యాంకు అధిపతి జేమీ డైమన్ స్వయంగా చెప్పారు. బోనస్ తీసుకుని వెళ్లిపోయేవాళ్లు ఎక్కువైతే బ్యాంకుకు మిగిలేదేమీ ఉండదు. అందుకే ఒక్కో బ్యాంకు తనదైన పద్ధతిలో గేటు పెట్టుకుంది.

కోడింగ్ వచ్చినవాళ్లకు ఒక్క మాటలో: ఇది రేట్ లిమిట్

ఏపీఐతో పనిచేసినవాళ్లకు రేట్ లిమిట్ తెలిసే ఉంటుంది. నిమిషానికి ఇన్ని రిక్వెస్టులు అని హద్దు ఉంటుంది, దాటితే ఎర్రర్ వస్తుంది. మన కోడ్ ఎంత శుభ్రంగా ఉన్నా సర్వర్‌కు అనవసరం. కార్డుల సంగతీ అంతే. మీ స్కోరు మీ కోడ్ అనుకుంటే, కొత్తగా తెరిచిన కార్డుల సంఖ్య మీ రిక్వెస్టుల లెక్క. రెండూ వేర్వేరు. మంచి స్కోరు ఉన్నంత మాత్రాన లిమిట్ పెరగదు.

5/24 అంటే ఏమిటి?

గత 24 నెలల్లో మీరు ఏ బ్యాంకులోనైనా సరే 5 లేదా అంతకంటే ఎక్కువ పర్సనల్ క్రెడిట్ కార్డులు తెరిచి ఉంటే, ఛేజ్ కొత్త కార్డు దాదాపుగా ఇవ్వదు. దీన్నే 5/24 అంటారు. బ్యాంకు దీన్ని రూల్‌గా ప్రకటించలేదు. 2015 నుంచి అప్లై చేసినవాళ్లు తమ ఫలితాలను ఒకరితో ఒకరు పోల్చుకుని పట్టుకున్న లెక్క ఇది.

ఇందులో ఎక్కువమంది తికమకపడే విషయాలు ఇవీ:

• లెక్కించేది తెరిచిన ఖాతాలను. రిజెక్ట్ అయిన అప్లికేషన్ ఇందులోకి రాదు.

• కార్డు క్లోజ్ చేసినా లెక్క తగ్గదు. తెరిచిన తేదీ మీ క్రెడిట్ రిపోర్టులో అలాగే ఉంటుంది.

• ఒక్క ఛేజ్ కార్డులే కాదు, అన్ని బ్యాంకుల పర్సనల్ కార్డులూ లెక్కే.

• అక్కో బావో తమ కార్డు మీద మిమ్మల్ని ఆథరైజ్డ్ యూజర్‌గా చేర్చితే అది కూడా మీ రిపోర్టులో కనబడి లెక్కలో పడొచ్చు. ఆ ఖాతా మీది కాదని బ్యాంకుకు ఫోన్ చేసి, మళ్లీ చూడమని అడిగే వీలుంది.

• కార్ లోన్, ఎడ్యుకేషన్ లోన్ లాంటివి ఈ లెక్కలోకి రావు.

గ్యాడ్జెట్ ప్రియులు ఇరుక్కునేది ఇక్కడే

ఈ సైట్‌లో ఈ టాపిక్ రాయడానికి అసలు కారణం ఇదే. 2019లో గోల్డ్‌మన్ సాక్స్ బ్యాంకుతో కలిసి ఆపిల్ తెచ్చిన ఆపిల్ కార్డు ఒక మాస్టర్‌కార్డ్. వడ్డీ లేని వాయిదాల్లో ఐఫోన్ వస్తుందని తీసుకుంటాం. అమెజాన్ ప్రైమ్ వీసా ఇచ్చేది ఛేజ్ బ్యాంకే. బెస్ట్ బై వీసా, కాస్ట్‌కో వీసా సిటీ బ్యాంకువి. ఇవన్నీ మంచి కార్డులే కావచ్చు. కానీ ఒక్కొక్కటీ 5/24లో ఒక స్లాట్ తినేస్తుంది.

లెక్క వేసి చూద్దాం. ఆపిల్ దగ్గర 1,000 డాలర్ల ఫోన్ కొంటే ఆపిల్ కార్డు 3 శాతం, అంటే 30 డాలర్లు వెనక్కి ఇస్తుంది. అదే స్లాట్‌లో ఏడాదికి 95 డాలర్ల ఫీజు ఉన్న సఫైర్ ప్రిఫర్డ్ తీసుకుని, 60,000 పాయింట్ల బోనస్ వచ్చిందనుకుంటే, క్యాష్‌గా మార్చుకున్నా పాయింట్‌కు ఒక సెంటు చొప్పున 600 డాలర్లు. ఫీజు తీసేసినా 505 మిగులుతుంది. ఆ పాయింట్లను ఎయిర్ కెనడా వారి ఏరోప్లాన్‌కు మార్చుకుని, స్టార్ అలయన్స్‌లో ఉన్న ఎయిర్ ఇండియా టికెట్ బుక్ చేస్తే విలువ ఇంకా పెరగొచ్చు. టాక్సులు మాత్రం జేబులోంచే కట్టాలి. స్లాట్ ఒకటే, ఒకవైపు 30, ఇంకోవైపు 505. సంక్రాంతికి ఇంటికి వెళ్లాలనుకునేవాళ్లు ఏది ఎంచుకోవాలో వేరే చెప్పక్కర్లేదు.

ఒక ఉదాహరణ: తేదీలు ఎలా లెక్కించాలి?

ఒక స్టూడెంట్ ఇలా కార్డులు తీసుకున్నాడు అనుకుందాం:

1. 2024 జనవరి: స్టూడెంట్ కార్డు
2. 2024 జూన్: ఆపిల్ కార్డు
3. 2024 నవంబర్: బ్లాక్ ఫ్రైడేకి బెస్ట్ బై వీసా
4. 2025 ఫిబ్రవరి: అమెజాన్ ప్రైమ్ వీసా
5. 2025 జూలై: కాస్ట్‌కో వీసా

2025 ఆగస్టులో ఉద్యోగం వచ్చింది, స్కోరు 750 దాటింది. ధైర్యంగా సఫైర్ ప్రిఫర్డ్‌కు అప్లై చేస్తాడు. లెక్క 5/24. రాదు. పైగా ఆ అప్లికేషన్ వల్ల హార్డ్ ఎంక్వైరీ ఒకటి రిపోర్టులో పడుతుంది.

మరి ఎప్పుడు వస్తుంది? 2024 జనవరి కార్డుకు 24 నెలలు నిండి, తర్వాతి నెల మొదలవ్వాలి. అంటే 2026 ఫిబ్రవరికి లెక్క 4/24కి దిగుతుంది. అప్పుడు అప్లై చేసి కార్డు వస్తే మళ్లీ 5/24. తర్వాతి స్లాట్ 2024 జూన్ కార్డు పక్కకు జరిగాక, అంటే 2026 జూలైలో. ఆ తర్వాతిది 2026 డిసెంబర్‌లో. పాతది ఒక్కొక్కటీ జారిపోతేనే కొత్తదానికి చోటు. ఈ కుర్రాడు ఒక్క బిల్లూ ఎగ్గొట్టలేదు, అయినా ఆరు నెలలు ఆగాల్సిందే.

మిగతా బ్యాంకుల గేట్లు

అమెరికన్ ఎక్స్‌ప్రెస్: ఒక కార్డు మీద వెల్‌కమ్ బోనస్ మామూలుగా జీవితంలో ఒక్కసారే. ఒక్కసారి వాడితే అయిపోయే కూపన్ కోడ్ అన్నమాట. ఈ సంగతి ఆఫర్ నిబంధనల్లోనే రాసి ఉంటుంది. ఇంకో మెలిక ఏంటంటే, ప్లాటినం ఒకసారి తీసుకున్నవాళ్లకు గోల్డ్ కార్డు బోనస్ దొరక్కపోవచ్చు. అందుకే కింది కార్డు ముందు, పై కార్డు తర్వాత. ఒక మంచి విషయం కూడా ఉంది. బోనస్‌కు అర్హత లేకపోతే అప్లికేషన్ పూర్తయ్యేలోపే పాప్‌అప్ వచ్చి చెబుతుంది, అక్కడే ఆగిపోవచ్చు.

సిటీ: 8 రోజుల్లో ఒక కార్డు, 65 రోజుల్లో రెండు. అంతకు మించి అప్లై చేయకూడదు. చాలా కార్డుల మీద ఒకసారి బోనస్ తీసుకున్నాక, అదే కార్డు బోనస్ కోసం 48 నెలలు ఆగాలి.

బ్యాంక్ ఆఫ్ అమెరికా: తన సొంత కార్డుల వరకు 2/3/4. రెండు నెలల్లో 2, పన్నెండు నెలల్లో 3, ఇరవై నాలుగు నెలల్లో 4.

క్యాపిటల్ వన్: సాధారణంగా ఆరు నెలలకు ఒక కార్డు. అప్లై చేస్తే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ మూడు బ్యూరోల్లోనూ ఎంక్వైరీ పడుతుంది. కాబట్టి ఊరికే ట్రై చేసి చూసే బ్యాంకు ఇది కాదు.

ఈ అంకెల్లో కొన్ని నిబంధనల్లో రాసినవి, కొన్ని అనుభవం మీద తేలినవి. బ్యాంకులు చెప్పాపెట్టకుండా మార్చేస్తాయి. అప్లై చేసే రోజున ఆఫర్ పేజీ కింద ఉన్న చిన్న అక్షరాలు తప్పకుండా చదవండి.

స్కోరు మాటేమిటి?

ఫికో స్కోరులో చెల్లింపుల చరిత్రకు 35 శాతం, వాడిన మొత్తానికి 30 శాతం, చరిత్ర వయసుకు 15 శాతం వెయిటేజీ ఉంటుంది. కొత్త క్రెడిట్‌కు ఉన్నది 10 శాతమే. హార్డ్ ఎంక్వైరీ రిపోర్టులో రెండేళ్లు కనిపిస్తుంది, ఫికో లెక్కలోకి మాత్రం ఏడాదే తీసుకుంటుంది. అంటే ఒక అప్లికేషన్‌తో స్కోరు కుప్పకూలదు. భయపడాల్సింది స్కోరు తగ్గుతుందని కాదు, స్లాట్ వృథా అవుతుందని. ఒక్క మినహాయింపు ఉంది: త్వరలో ఇంటి లోన్ తీసుకునే ఆలోచన ఉంటే కొత్త కార్డుల జోలికి పోకండి.

నేను పాటించే వరస

1. మొదటి కార్డు ఏడాది ఫీజు లేనిది తీసుకుని ఎప్పటికీ ఉంచుకోవాలి. మీ చరిత్ర వయసు దాని మీదే పెరుగుతుంది. 21 ఏళ్లు నిండనివాళ్లు సొంత ఆదాయం చూపించాలని 2009 నాటి కార్డ్ చట్టం చెబుతోంది.

2. తర్వాత ఏడాది పాటు కొత్త కార్డేదీ వద్దు. షాపులో ఏ డిస్కౌంట్ చూపించినా సరే.

3. ఏడాది చరిత్ర వచ్చాక ముందు ఛేజ్ కార్డులు. మిగతా బ్యాంకుల కార్డులను కూడా లెక్కపెట్టే గేటు ఇదే కాబట్టి. ఒక్కో కార్డుకు మధ్య కనీసం మూడు నెలలు గ్యాప్ ఇస్తాను.

4. ఆ తర్వాత సిటీ, క్యాపిటల్ వన్. అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌కు తొందర లేదు. జీవితంలో ఒక్కసారే కాబట్టి బోనస్ పెద్దగా ఉన్నప్పుడే వెళ్లాలి.

5. బ్రాండ్ కార్డులు, స్టోర్ కార్డులు అన్నిటికంటే చివర.

6. బోనస్ రాగానే కార్డు మూసేయకూడదు. కనీసం ఏడాది ఉంచాలి, లేకపోతే పాయింట్లు వెనక్కి తీసుకునే హక్కు కొన్ని బ్యాంకులకు ఉంటుంది.

ఇదంతా గుర్తుపెట్టుకోవడానికి పెద్ద యాప్ ఏమీ అక్కర్లేదు. నా ఫోన్‌లో నాలుగు కాలమ్‌ల గూగుల్ షీట్ ఉంది: కార్డు పేరు, తెరిచిన తేదీ, బోనస్ వచ్చిన తేదీ, 24 నెలలు నిండే తేదీ. చివరి తేదీకి క్యాలెండర్‌లో రిమైండర్ పెడతాను. తెరిచిన తేదీలు గుర్తు లేనివాళ్లు యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో మూడు బ్యూరోల రిపోర్టులూ వారానికోసారి ఉచితంగా తీసుకోవచ్చు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు.

ఈ వారాంతంలో పది నిమిషాలు పెట్టి ఆ షీట్ తయారు చేసుకోండి. ఈసారి బిల్లింగ్ దగ్గర ఎవరైనా "కార్డు తీసుకుంటారా?" అని అడిగితే, ముందు షీట్ తెరిచి ఎన్ని స్లాట్లు మిగిలాయో చూసి జవాబు చెప్పండి.