కూర్పులోని నేర్పు

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక కృతికి పలువురు చేతులు కలిపినప్పుడు ఎవరి చేర్పు నిలవాలి, ఎవరిది తొలగాలి అనే ప్రశ్న సాహిత్యంలో ప్రాచీనమైనది. అదే ప్రశ్న నేటి కంప్యూటర్ క్రీడలలోనూ ఎదురవుతున్నది. అద్భుతలోకాన్ని చిత్రించే ఒక వీడియో గేమ్‌కు క్రీడాకారులు చేసుకునే మార్పులను ఎంపిక చేయడంలో, వాటిని పొందికగా కూర్చడంలో అవసరమైన వివేకాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

రుచిగల పదార్థాలన్నింటినీ ఒకే పాత్రలో పోసినంత మాత్రాన విందు సిద్ధం కాదు. పాయసం, పులుసు వేటికవి రుచికరమైనవే. రెండింటినీ కలిపితే రెండూ చెడతాయి. ఏది కావాలో ఎన్నుకోవడం ఒక నేర్పు. ఎన్నుకున్నవాటిని ఒకదానికొకటి అడ్డుపడకుండా అమర్చడం అంతకు మించిన నేర్పు. ఈ సత్యం వంటకూ కావ్యరచనకూ ఎంత వర్తిస్తుందో, నేటి యువతరాన్ని ఆకర్షిస్తున్న వీడియో గేమ్‌లకూ అంతే వర్తిస్తుంది.

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో గల బెథెస్డా గేమ్ స్టూడియోస్ 'ది ఎల్డర్ స్క్రోల్స్' అనే శీర్షికతో వరుసగా గేమ్‌లను నిర్మించింది. వాటిలో 'మారోవిండ్' 2002లోను, 'ఆబ్లివియన్' 2006లోను, 'స్కైరిమ్' 2011 నవంబరు 11వ తేదీన వెలువడ్డాయి. వీటిని రోల్ ప్లేయింగ్ గేమ్‌లు అంటారు. క్రీడాకారుడు ఇందులో ఒక పాత్రను ధరిస్తాడు. ఆ పాత్ర ఏ జాతికి చెందాలో, ఖడ్గవిద్యలో రాణించాలో మంత్రవిద్యలో రాణించాలో అతడే నిర్ణయిస్తాడు. స్కైరిమ్ మంచుకొండలతో నిండిన ఒక ఉత్తర దేశం. అక్కడ డ్రాగన్‌లు తిరిగి వస్తాయి. వాటిని ఎదిరించవలసిన వీరుడే కథానాయకుడు. అయితే ఆ కథను పక్కనపెట్టి, పల్లెల్లో తిరుగుతూ, కమ్మరిపని చేసుకుంటూ కాలం గడిపే స్వేచ్ఛ కూడా అతనికి ఉన్నది.

నిర్మాతలు ఇచ్చిన ఇటువంటి లోకానికి క్రీడాకారులే చేసే చేర్పులను, మార్పులను 'మాడ్‌లు' అంటారు. మాడిఫికేషన్ అనే మాటకు ఇది సంక్షిప్త రూపం. బెథెస్డా సంస్థ మారోవిండ్‌తోపాటే 'కన్‌స్ట్రక్షన్ సెట్' అనే సాధనాన్ని అందించింది. స్కైరిమ్ కోసం 2012 ఫిబ్రవరిలో 'క్రియేషన్ కిట్' అనే సాధనాన్ని విడుదల చేసింది. శిల్పి విగ్రహంతోపాటు తన ఉలిని కూడా భక్తుల చేతికి ఇచ్చినట్లయింది. నాటినుంచి ప్రపంచం నలుమూలల ఉన్న ఔత్సాహికులు కొత్త ఊళ్ళు, కొత్త కథలు, కొత్త ఆయుధాలు, కొత్త వాతావరణాలు సృష్టిస్తూ వచ్చారు. వారిలో అధికులు ప్రతిఫలం ఆశించక, తీరిక వేళల్లో శ్రమించినవారే. నెక్సస్ మాడ్స్ వంటి ఇంటర్నెట్ భాండాగారాలలో స్కైరిమ్‌కు సంబంధించిన మాడ్‌లు వేల సంఖ్యలో ఉన్నాయి.

ఎంపిక

కొత్తగా ప్రవేశించిన వ్యక్తిని ఈ సమృద్ధే మొదట తప్పుదారి పట్టిస్తుంది. అందమైన చిత్రం కనిపించిన ప్రతి మాడ్‌నూ అతడు దించుకుంటాడు. పదకొండవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని ప్రతిపాదించాడు. తగిన చోట లేని అలంకారం అందాన్నివ్వదని ఆయన సిద్ధాంతసారం. మంచుదేశపు పల్లెలో ఎడారి ప్రభువుల మేడను నిలబెట్టే మాడ్ ఎంత నైపుణ్యంతో చేసినదైనా, ఆ లోకం మీద క్రీడాకారునికి గల నమ్మకాన్ని చెడగొడుతుంది. కనుక తాను ఎటువంటి అనుభవాన్ని కోరుతున్నాడో ముందుగా నిశ్చయించుకోవాలి. చలికి, ఆకలికి లోనయ్యే సామాన్య బాటసారిగా ఆడదలచిన వ్యక్తికి ఒకే దెబ్బతో డ్రాగన్‌ను కూల్చే ఖడ్గం అనవసరం.

ఎంపికలో ఒక వరుస ఉన్నది. మొదటి స్థానం మరమ్మతులది. మూలంలో మిగిలిపోయిన దోషాలను అభిమానులే సరిచేసిన 'అనఫీషియల్ ప్యాచ్' ఈ కోవకు చెందినది. తరువాత పోరాటం, వ్యాపారం వంటి నియమాలను మార్చేవి, ఆపైన కొత్త ప్రదేశాలను చేర్చేవి, చివరగా ముఖాలు, వస్త్రాలు, ఆకాశపు రంగులు వంటి అలంకరణలు వస్తాయి. గోడలు నిలిచిన తరువాతనే సున్నం వేయాలి.

ప్రతి మాడ్‌కూ దాని కర్త రాసిన వివరణ ఉంటుంది. అది ఏ కూర్పుకు సంబంధించినది, దానికి ముందు ఏవేవి ఉండాలి, దేనితో కలవదు అనే విషయాలు అందులో ఉంటాయి. 2011 నాటి స్కైరిమ్ 32 బిట్‌ల ప్రోగ్రాము. 2016 అక్టోబరులో వచ్చిన 'స్పెషల్ ఎడిషన్' 64 బిట్‌లది. ఒకదానికి చేసిన మాడ్ రెండవదానిలో యథాతథంగా పనిచేస్తుందని భావించరాదు. అలాగే 'స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్' అనే అనుబంధ సాధనం గేమ్ సంచికకు కచ్చితంగా సరిపోవాలి. 2021 నవంబరులో గేమ్‌కు కొత్త సవరణ రాగానే ఈ సాధనంపై ఆధారపడిన అనేక మాడ్‌లు పనిచేయకుండాపోయాయి. కర్తలు వాటిని మళ్ళీ సవరించేదాకా క్రీడాకారులు వేచి ఉండవలసి వచ్చింది. వివరణ చదవకుండా మాడ్‌ను చేర్చుకోవడం, చీటీ చూడకుండా మందు మింగడం వంటిది.

కూర్పు

స్కైరిమ్ లోకంలో ప్రతి వ్యక్తికీ, ప్రతి వస్తువుకూ ఒక నమోదు ఉంటుంది. ఒక వర్తకుని పేరు, వస్త్రాలు, ముఖం, దినచర్య అన్నీ అతని నమోదులో ఉంటాయి. ఒక మాడ్ అతని వస్త్రాలను మార్చిందనుకోవాలి. మరొక మాడ్ అతని దినచర్యను మార్చిందనుకోవాలి. రెండింటినీ చేర్చినప్పుడు కొత్త వస్త్రాలతో కొత్త దినచర్య కనిపిస్తుందని ఆశించడం సహజం. కాని గేమ్ ఆ రెండు మార్పులనూ తనంతట తాను కలపదు. చివర లోడ్ అయిన మాడ్‌లోని నమోదునే పూర్తిగా స్వీకరిస్తుంది. ముందు వచ్చిన మాడ్ చేసిన మార్పు జాడ లేకుండా పోతుంది. చివరి మాటదే గెలుపు. అందుచేతనే మాడ్‌లు ఒకదాని తరువాత ఒకటి వచ్చే వరుసకు, అంటే 'లోడ్ ఆర్డర్'కు ఇంతటి ప్రాధాన్యం ఏర్పడింది.

వరుసను సరిచేయడానికి 'లూట్' అనే సాధనం తోడ్పడుతుంది. స్వచ్ఛంద కార్యకర్తలు సేకరించిన నియమాల జాబితా ఆధారంగా అది మాడ్‌లను క్రమపరుస్తుంది. అయితే వరుస మార్చినంత మాత్రాన తీరని తగవులు కొన్ని ఉంటాయి. వర్తకుని విషయంలో ఏ మాడ్‌ను చివర ఉంచినా రెండవదానికి నష్టమే. అటువంటప్పుడు 'ఎక్స్‌ఎడిట్' అనే సాధనంతో రెండు నమోదులను పక్కపక్కన పెట్టి పరిశీలించి, వస్త్రాలను ఒకదానినుంచి, దినచర్యను రెండవదానినుంచి గ్రహించి, మూడవ నమోదు తయారుచేస్తారు. దానిని రెండింటి తరువాత ఉంచుతారు. దీనికి 'కంపాటిబిలిటీ ప్యాచ్' అని పేరు.

తెలుగు సాహిత్యం చదివినవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. పదకొండవ శతాబ్దంలో నన్నయ భారతాంధ్రీకరణను అరణ్యపర్వం మధ్యలో ఆపాడు. పదమూడవ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి కొనసాగించాడు. నడుమ మిగిలిన భాగాన్ని పద్నాలుగవ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. ఆయన తన భాగాన్ని నన్నయ ధోరణిలో ఆరంభించి, క్రమంగా తిక్కన ధోరణికి చేర్చాడని విమర్శకులు ప్రశంసిస్తారు. ఇద్దరిలో ఎవరినీ తగ్గించకుండా ఇద్దరినీ కలిపిన వంతెన అది. మంచి ప్యాచ్ చేసే పనీ అటువంటిదే. తాను కనిపించకుండా ఇతరుల కృషిని నిలబెడుతుంది.

పొందిక కుదరనప్పుడు కలిగే వికృతి కంటికి కనిపిస్తుంది. ఒక వ్యక్తి నమోదు ఒక మాడ్‌నుంచి, అతని ముఖచిత్రం ఫైలు వేరొక మాడ్‌నుంచి వచ్చినప్పుడు, శరీరం ఒక రంగులోను, ముఖం నల్లబారి మరొక రంగులోను కనిపిస్తాయి. ఇది స్కైరిమ్ క్రీడాకారులకు చిరపరిచితమైన దోషం. ముఖం ఏ మాడ్‌దో నమోదూ ఆ మాడ్‌దే అయ్యేటట్లు చూడడమే దీనికి చికిత్స.

పరిమితులు కూడా ఉన్నాయి. మొదటి స్కైరిమ్‌లో మూలఫైలుతో కలిపి 255 ప్లగిన్‌లకు మాత్రమే చోటు ఉండేది. 2017లో స్పెషల్ ఎడిషన్‌కు 'లైట్ ప్లగిన్'లు వచ్చి, ఆ చిన్న ఫైళ్ళకు 4096 స్థానాలు ఏర్పడ్డాయి. చోటు పెరిగినది గదా అని అత్యాశకు పోతే తగవులూ పెరుగుతాయి.

అన్నింటికంటె పెద్ద ప్రమాదం సేవ్ ఫైలుకు సంబంధించినది. క్రీడాకారుడు దాచుకున్న ఆటలో ఆ సమయానికి నడుస్తున్న మాడ్‌ల జాడలు కూడా నిక్షిప్తమవుతాయి. నడుమ ఒక మాడ్‌ను తొలగిస్తే, ఆ జాడలు ఆధారం లేనివై మిగిలిపోతాయి. ఆట కొంతకాలం బాగానే సాగుతుంది. ఆ తరువాత ఒకనాడు తలుపు తెరిచిన చోటనే నిలిచిపోతుంది. నెలల తరబడి పెంచుకున్న పాత్ర, దానితో ముడిపడిన జ్ఞాపకాలు అన్నీ చేజారిపోతాయి. అందుకే అనుభవజ్ఞులు ఒక్కొక్క మాడ్‌నే చేర్చి పరీక్షిస్తారు. 'మాడ్ ఆర్గనైజర్' వంటి సాధనంతో ప్రతి మాడ్‌నూ వేరు సంచయంలో ఉంచి, మూలఫైళ్ళను తాకకుండా కాపాడుతారు. కూర్పు పూర్తయిన తరువాత కొత్త ఆట ఆరంభించి, అది ముగిసేవరకు దేనినీ తొలగించరు.

కర్తల హక్కు

మాడ్‌లు పరస్పరాశ్రితాలు. ఒకరి కృషిపై మరొకరి కృషి నిలుస్తుంది. ఈ సంగతి 2015లో స్పష్టపడింది. ఆ ఏప్రిల్ 23న వాల్వ్, బెథెస్డా సంస్థలు స్కైరిమ్ మాడ్‌లను అమ్ముకునే ఏర్పాటు చేశాయి. ధరలో కర్తకు దక్కేది 25 శాతం. మరొకరి పనిపై ఆధారపడిన ఒక మాడ్‌ను అమ్మకానికి పెట్టడం వెంటనే వివాదమైంది. ఉమ్మడి పంటను ఒకరే ఎలా అమ్ముతారని కొందరు, శ్రమకు ఫలితం అడగడం తప్పా అని కొందరు వాదించారు. నాలుగు దినాలకే, 27వ తేదీన, ఆ ఏర్పాటు రద్దయింది.

2021లో ప్రశ్న మరొక రూపంలో తలెత్తింది. ఒకరు శ్రమించి చేసిన కూర్పును ఇతరులు యథాతథంగా పొందేందుకు నెక్సస్ మాడ్స్ 'కలెక్షన్స్' అనే సౌకర్యాన్ని తలపెట్టింది. కూర్పు చెడకూడదంటే అందులోని ఏ ఫైలూ మాయం కారాదు. కనుక ఇకపై కర్తలు తమ ఫైళ్ళను శాశ్వతంగా తొలగించే వీలు లేదని ప్రకటించింది. తమ కృతిపై తమకే అధికారం లేకపోవడం అన్యాయమని భావించిన కొందరు, ఇచ్చిన గడువులోగా తమ మాడ్‌లను ఉపసంహరించుకున్నారు. కూర్చేవాని సౌకర్యం, రచించినవాని హక్కు రెండూ న్యాయమైనవే. ఈ రెండింటి పొత్తును ఏ సాధనమూ తనంతట తాను కుదర్చలేదు.

ఒకరి లోకంలో చేసిన చేర్పు స్వతంత్ర కృతిగా ఎదగడమూ ఉన్నది. ఆస్ట్రేలియాకు చెందిన నిక్ పియర్స్ న్యాయవాద వృత్తిలో ఉంటూ 'ది ఫర్‌గాటెన్ సిటీ' అనే స్కైరిమ్ మాడ్‌ను రచించి 2015లో వెలువరించాడు. 2016లో దానికి ఆస్ట్రేలియా రచయితల సంఘం పురస్కారం లభించింది. పిదప ఆయన ఆ ఇతివృత్తాన్ని ప్రాచీన రోమన్ నగరానికి మార్చి, 2021లో స్వతంత్ర గేమ్‌గా విడుదల చేశాడు.

పదిమంది కృషిని ఒకచోట చేర్చే వ్యక్తి సంపాదకునితో సమానుడు. అతడు ప్రతి కర్త మాటనూ చదవాలి. ఎవరిది ఎక్కడ నిలవాలో గుర్తించాలి. అక్కరలేనిది ఎంత అందమైనదైనా విడిచిపెట్టాలి. ఎవరి శ్రమ ఎవరిదో మరువరాదు. వందల మాడ్‌లు చేర్చి ఆట నిలిచిపోయిన వ్యక్తి కంటె, ఇరవై మాడ్‌లతో ఆటను ముగించిన వ్యక్తికే ఆ లోకం పూర్తిగా దక్కుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

ఔచిత్యం = తగి ఉండటం
ఆలంకారికుడు = కావ్యశాస్త్రం తెలిసినవాడు
ఔత్సాహికులు = ఉత్సాహంతో పూనుకొనేవారు
భాండాగారం = వస్తువులను భద్రపరిచే చోటు
నిక్షిప్తం = లోపల ఉంచబడినది
వికృతి = చెడిన రూపం
సంచయం = కూడబెట్టినది, సముదాయం
ఉపసంహరించు = వెనుకకు తీసుకొను

అభ్యాసాలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. మాడ్‌ల ఎంపికలో, కూర్పులో పాటించవలసిన నియమాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. 2015, 2021 సంవత్సరాలలో కర్తల హక్కులకు సంబంధించి తలెత్తిన వివాదాలను తెలిపి, మీ అభిప్రాయాన్ని సమర్థించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. 'చివరి మాటదే గెలుపు' అనే వాక్యాన్ని వర్తకుని ఉదాహరణతో వివరించండి.
2. ఎఱ్ఱన రచనకు, కంపాటిబిలిటీ ప్యాచ్‌కు గల పోలిక ఏది?
3. ఆట నడుమ మాడ్‌ను తొలగిస్తే కలిగే నష్టం ఏమిటి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని ప్రతిపాదించినవారు ఎవరు?
2. క్రియేషన్ కిట్ ఎప్పుడు విడుదలైంది?
3. 'లూట్' సాధనం చేసే పని ఏమిటి?

ఈ) సంధులు
అత్యాశ = అతి + ఆశ – యణాదేశ సంధి
పరస్పరాశ్రితం = పరస్పర + ఆశ్రితం – సవర్ణదీర్ఘ సంధి

ఉ) సమాసాలు
నాలుగు దినాలు – నాలుగు సంఖ్య గల దినాలు – ద్విగు సమాసం
కావ్యరచన – కావ్యం యొక్క రచన – షష్ఠీ తత్పురుష సమాసం