సూది పేరు చెప్పి భయపెట్టకండి



"అన్నం తినకుంటే సిస్టరమ్మ సూదేస్తది" అనే మాట మా ఓ.పి. వరండాలో రోజూ వినబడుతుంది. నన్నే చూపించి అంటారు. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. ఒకసారి చిట్యాల వైపు పల్లె నుండి నాలుగేళ్ళ బాబును తెచ్చారు. అరికాలిలో తుమ్మముల్లు విరిగి, చీము పట్టి, పాదం వాచి, జ్వరం వచ్చింది. ముల్లు గుచ్చుకున్న రోజే ఎందుకు చెప్పలేదురా అని తల్లి అడిగితే "చెప్తే సూదేస్తరు" అన్నాడు. ఆ రోజే తెలిస్తే ఐదు నిమిషాల పని.

మూడు నుండి ఆరేళ్ళ లోపు పిల్లలు మన మాటను ఉన్నదున్నట్టు నమ్ముతారు. ఉత్త బెదిరింపు అని వారికి తెలియదు. పిల్లల ఆలోచనా తీరే వేరని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే (1896-1980) వివరించారు. అల్లరి చేసినందుకే జబ్బు వచ్చిందని, సూది దానికి శిక్ష అని ఈ వయసు బిడ్డ అనుకోవచ్చు.

"సూది లేదు, ఊరికే చూస్తారు" అనే అబద్ధం ఇంకా చెడ్డది. మరుసటిసారి సిరప్‌కు కూడా నోరు తెరవరు.

ఐదారేళ్ళ మధ్య డి.పి.టి. రెండవ బూస్టరు వేయించాలి. ఆ ఉదయమే చెప్పండి: "ఇయ్యాల సూది ఏస్తరు. కొంచెం నొస్తది, జల్దీ పోతది. నేను పట్టుకుంటా." వారం ముందు చెబితే వారమంతా భయపడతారు. బల్లమీద అదిమి పట్టకుండా ఒడిలో కూర్చోబెట్టుకోండి. కొవ్వొత్తి ఆర్పినట్టు ఊదమనండి. ఏడిస్తే ఏడవనివ్వండి, "మగపిల్లాడివి" అనకండి. వేసినచోట రుద్దవద్దు.

వార్డులో చేర్చినప్పుడు తల్లో తండ్రో పక్కనే ఉండాలి. 1952లో లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్, తల్లి దగ్గర లేకుండా ఆసుపత్రిలో ఎనిమిది రోజులున్న రెండేళ్ళ పాప బాధను సినిమా తీసి చూపించారు. 1959లో బ్రిటన్ ప్రభుత్వ కమిటీ కూడా తల్లిదండ్రులను రానివ్వాలని సిఫారసు చేసింది. మన దగ్గర తల్లి మంచం పక్కనే చాప వేసుకుంటుంది. వార్డులో నడవడానికి చోటు లేదని ఒకప్పుడు విసుక్కున్నదాన్ని నేనే!

ఇంటికి వెళ్ళాక బిడ్డ పక్క తడపవచ్చు, కొంగు వదలకపోవచ్చు. తిట్టకండి, కొట్టకండి. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే, లేదా మూత్రం పోసేటప్పుడు మంట అంటే, వెంటనే తీసుకురండి. మూత్రపరీక్షకు సూది అక్కర్లేదు. ఆ మాట బిడ్డకు ధైర్యంగా చెప్పవచ్చు.