అడవి పందుల వేట: తుపాకీ కంటే ముందు పంది బుద్ధి తెలుసుకుందాం

మొక్కజొన్న పాలు పోసుకునే దశకి వచ్చిందంటే చాలు, చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, పందుల్ని ఎట్లా చంపాలి?" ఈ రోజు వీడియోలో మా చేను గట్టు మీద పంది అడుగులు చూపించాను. అందులో చెప్పలేకపోయిన విషయాలు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా నా తప్పు చెబుతాను. ఒక ఏడు రెండు రాత్రుల్లో అర ఎకరం జొన్న నేలపాలైంది. కోపంతో కరెంటు పెట్టడానికి తీగ కొనుక్కొచ్చాను. మా ఇంటావిడ ఒక్క మాట అంది: "చీకట్లో నీళ్ళు కట్టడానికి పోయేది నువ్వే గదా, ఆ తీగకి పందేదో నువ్వేదో ఏం తెలుసు?" ఆ తీగ ఇప్పటికీ అటక మీదే ఉంది. ఇలాంటి తీగలకి పెట్టినవాళ్ళే బలైన వార్తలు ఏటా చూస్తూనే ఉన్నాం.

పంది ఎలా బతుకుతుంది?

అడవి పందికి చూపు తక్కువ, వాసన చాలా ఎక్కువ, చెవులు కూడా చురుకు. అది ముక్కుతోనే లోకాన్ని చూస్తుంది. ఆడ పందులు పిల్లలతో కలిసి గుంపుగా తిరుగుతాయి. గుంపుని పెద్ద ఆడ పంది నడిపిస్తుంది. బాగా ముదిరిన మగ పంది ఎక్కువగా ఒంటరిగా ఉంటుంది, జత కట్టే కాలంలోనే గుంపులో కలుస్తుంది.

చెమట పట్టి ఒళ్ళు చల్లబడే ఏర్పాటు దానికి సరిగా లేదు. అందుకే ఎండకి పొదల్లో పడుకుంటుంది, బురదలో పొర్లుతుంది, పొద్దు గూకాక మేతకి బయల్దేరుతుంది. పొర్లాక చెట్టుకి ఒళ్ళు రుద్దుకుంటుంది. వాగు పక్క చెట్ల మొదళ్ళకి ఎండిన బురద కనిపిస్తే వాటి దారి అదేనని గుర్తుపట్టండి. భయం లేకపోతే రోజూ దాదాపు అదే దారిన వస్తాయి.

మన ప్రకృతి వ్యవసాయదారులు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆచ్ఛాదన కింద తేమ, తేమలో వానపాములు, వేరుపురుగులు. వీటి కోసం కూడా పంది నేలని ముట్టెతో దున్నినట్టు తవ్వుతుంది. కాబట్టి పంట లేని మడి తవ్వి ఉంటే ఆశ్చర్యపోకండి.

వేటతో ఎందుకు తగ్గవు?

ఆడ పంది సుమారు 115 రోజులకి ఈనుతుంది. మామూలుగా ఈతకి నాలుగు నుంచి ఆరు పిల్లలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మేత దండిగా ఉంటే ఒకటి రెండు చచ్చినా ఆ లోటు త్వరగానే పూడుతుంది. తరిమితే గుంపు చెదిరి పక్క చేలల్లో పడుతుంది. గాయపడిన పంది, పిల్లలున్న తల్లి మనిషి మీదికి వస్తాయి. దారికి అడ్డం నిలబడొద్దు. ఉచ్చులు, నాటుబాంబులు పెడితే మన పశువులు, కుక్కలు, పందిని తినే చిరుతపులి కూడా చిక్కుకుంటాయి.

చట్టం సంగతి కూడా వినండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అనుమతి లేకుండా అడవి పందిని వేటాడటం నేరం. 2022 సవరణ తర్వాత ఇది రెండో షెడ్యూల్‌లో ఉంది. పంటకి ప్రమాదంగా మారితే సెక్షన్ 11 కింద అటవీ అధికారులు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. అలా చంపినా కళేబరం ప్రభుత్వానిదే, కూరకి పంచుకునేది కాదు.

మరి ఏం చేయాలి?

ముక్కుతో వచ్చేదాన్ని ముక్కు దగ్గరే ఆపాలి.

1. మొక్కజొన్న చుట్టూ నాలుగు వరుసల ఆముదం ఒత్తుగా వేయండి. పంది ఆముదం తినదు, పైగా లోపలి పంట వాసన దానికి సరిగా అందదు. వేరుశనగ చుట్టూ కుసుమ వేస్తే ముళ్ళు కూడా కాపలా కాస్తాయి.
2. ఊరపందుల పేడ నీళ్ళలో కలిపి గట్ల వెంట చల్లండి. వేరే గుంపు ఉందనుకుని వెనకాడతాయి. వాన పడితే మళ్ళీ చల్లాలి.
3. ఒకే ఉపాయం సీజనంతా నమ్ముకోవద్దు. పంది తెలివైంది, ప్రమాదం లేదని తెలిస్తే అలవాటు పడిపోతుంది. చప్పుడు, వెలుగు, వాసన మార్చి మార్చి వాడండి.
4. స్తోమత ఉంటే పదిమంది కలిసి సోలార్ కంచె వేసుకోండి. అది ఆగి ఆగి చిన్న షాక్ మాత్రమే ఇస్తుంది. నేరుగా లైన్ నుంచి లాగిన తీగ అలాంటిది కాదు, ప్రాణం తీస్తుంది.
5. గింజ పాలు పోసుకునే రోజుల్లో వంతులవారీగా మంచె కావలి ఉండాలి. దీన్ని మించిన మందు లేదు.

నష్టం జరిగితే చేను సర్దేయకముందే ఫోటోలు తీసి, అటవీ శాఖ వాళ్ళకి వెంటనే అర్జీ పెట్టండి.

నేను ఆముదం వేసిన ఏడు పందులు రాలేదని చెప్పను. ఒక మూల ఆముదం మొలవక సందు పడింది, అక్కడి నుంచే దూరి నాలుగు సాళ్ళు తిన్నాయి. మిగతా చేను ఇంటికి వచ్చింది. ఈసారి విత్తేటప్పుడు మూలలు ముందు చూసుకోండి. వీడియోలో ఆ సందు కూడా చూపించాను, ఒకసారి గమనించండి.