అద్దె ఒప్పందం ముగిసే వేళ: యజమాని, కిరాయిదారు తెలుసుకోవలసినవి

బదిలీపై కొత్త ఊరు వెళ్ళే బ్యాంకు ఉద్యోగికి ఇల్లు దొరకడం మొదటి పరీక్ష. పదకొండు నెలల తర్వాత అదే ఇంట్లో ఉండగలగడం రెండో పరీక్ష. పిల్లల చదువు సగంలో ఉండగా ‘అద్దె పెంచండి, లేదా ఖాళీ చేయండి’ అన్న మాట వస్తే ఇంటిల్లిపాదికీ కంగారే. ఉద్యోగ విరమణ చేసి, వచ్చే అద్దెతోనే నెల గడుపుకునే యజమానికీ ఇది చిన్న విషయం కాదు. ఈ తగువులు చాలావరకు ఎవరి చెడ్డతనం వల్లా రావు. ఒప్పందంలో రాయవలసినది రాయకపోవడం వల్ల వస్తాయి. భిలాయిలోని సుపేలాను ఉదాహరణగా తీసుకుని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

సుపేలా పరిస్థితి

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కర్మాగారం క్వార్టర్లున్న సెక్టార్లు రైలు పట్టాలకు ఒక వైపు, జి.ఇ. రోడ్డు మీది సుపేలా రెండో వైపు. క్వార్టరు దొరకని దుకాణదారులు, మనలాంటి బదిలీ ఉద్యోగులు అద్దె ఇంటికి వెతికేది ఇలాంటి చోటే. అద్దె ఒప్పందాన్ని ఇక్కడ ‘కిరాయానామా’ అంటారు.

పదకొండు నెలల లెక్క

ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. ఆ ఖర్చు, శ్రమ తప్పించుకోవడానికే 11 నెలల పద్ధతి వాడుకలోకి వచ్చింది. దీని చుట్టూ రెండు అపోహలున్నాయి. గడువు తీరిన మర్నాడే సామాను బయట పెట్టించవచ్చని యజమాని అనుకుంటాడు. అద్దె తీసుకుంటున్నారు కనుక మరో 11 నెలలు వచ్చినట్టేనని కిరాయిదారు అనుకుంటాడు.

రెండూ సరికాదు. గడువు తర్వాత కూడా యజమాని అద్దె తీసుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, నివాసపు ఇంటి అద్దె నెలనెలా కొనసాగే అద్దెగా మారుతుందని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ చెబుతుంది. 106వ సెక్షన్ ప్రకారం దాన్ని ఎవరైనా 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. అద్దె నియంత్రణ చట్టం అమలులో ఉన్నచోట మాత్రం ఆ చట్టం నియమాలు చూసుకోవాలి.

ఛత్తీస్‌గఢ్ చట్టం ఏమంటుంది?

2011 నాటి ఛత్తీస్‌గఢ్ అద్దె నియంత్రణ చట్టం ప్రకారం అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. ఈ చట్టం ముందుగా జిల్లా కేంద్రాల మునిసిపల్ ప్రాంతాలకు, తర్వాత ప్రభుత్వం నోటిఫై చేసిన, 50,000కు మించి జనాభా ఉన్న ఇతర మునిసిపల్ ప్రాంతాలకు వర్తించేలా రూపొందింది. మన ప్రాంతానికి సంబంధించిన వివరం జిల్లా రెంట్ కంట్రోలర్ కార్యాలయంలో అడగవచ్చు.

పునరుద్ధరణ విషయంలో ఈ చట్టంలోని ఒక నియమం కీలకం. కారణం చెప్పకుండానే 6 నెలల రాతపూర్వక నోటీసుతో యజమాని ఇల్లు తిరిగి కోరవచ్చు. కానీ ఆ తర్వాత 12 నెలల పాటు ఆ ఇంటిని ఎక్కువ అద్దెకు ఇవ్వకూడదు. యజమాని వయోవృద్ధులో, విశ్రాంత ప్రభుత్వ ఉద్యోగో, వితంతువో అయి, సొంతంగా ఉండడానికి ఇల్లు కోరితే నోటీసు ఒక్క నెల చాలు. అంటే యజమానికి ఇల్లు తిరిగి తీసుకునే హక్కు ఉంది. కేవలం అద్దె పెంచుకోవడం కోసం ఈ దారిలో ఖాళీ చేయించే అవకాశం లేదు.

లెక్క కట్టి మాట్లాడదాం

మేనేజ్‌మెంట్ పాఠాల్లో చెప్పే సూత్రం ఒకటుంది: బేరం కుదరకపోతే మనకు మిగిలే దారి ఖరీదు ఎంతో ముందే తెలుసుకోవాలి. ఒక ఉదాహరణ చూద్దాం. ప్రస్తుత అద్దె రూ. 9,000. యజమాని రూ. 11,000 అడుగుతున్నారు, కిరాయిదారు రూ. 9,500 ఇస్తానంటున్నారు. రూ. 10,000 దగ్గర కుదిరితే యజమాని తాను అడిగినదాంట్లో 11 నెలలకు రూ. 11,000 వదులుకున్నట్టు. అదే ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటే పోయేది రూ. 18,000, రంగుల ఖర్చు వేరు. కిరాయిదారు తాను చెప్పినదానికంటే అదనంగా ఇచ్చేది రూ. 5,500. ఇల్లు మారితే బ్రోకరుకు ఒక నెల అద్దె, సామాను తరలింపు కలిపి అంతకు మించే అవుతుంది.

లెక్క కాగితం మీద పెడితే పంతం తగ్గుతుంది. ‘అంకుల్‌జీ, కూర్చుని చూద్దాం’ అని గడువుకు మూడు నెలల ముందే మాట కలిపితే చాలా తగువులు వాకిట్లోనే తీరిపోతాయి. అక్కడ తీరకపోతే రెంట్ కంట్రోలర్, ఆపై ట్రిబ్యునల్, చివరికి హైకోర్టు దాకా నడవాలి.

ఒప్పందంలో తప్పక ఉండవలసినవి

• పునరుద్ధరణ సమయంలో అద్దె ఎంత శాతం పెరుగుతుందో స్పష్టంగా అంకెల్లో రాయాలి.
• కొనసాగేదీ లేనిదీ ఇరువురూ ఏ తేదీలోగా రాతపూర్వకంగా చెప్పాలో ఉండాలి.
• ఉద్యోగికి బదిలీ అయితే ఒక నెల నోటీసుతో ఖాళీ చేసే వీలు ఉండాలి.
• అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగి ఇస్తారు, దేనికి మినహాయించుకుంటారు అన్నది రాయాలి.
• రంగులు, మరమ్మతులు, నీటి మోటారు, కరెంటు బిల్లు ఎవరి బాధ్యతో తేల్చాలి.
• ఇంట్లో దిగిన రోజే గోడలు, ఫిటింగుల ఫొటోలు తీసి ఇద్దరి దగ్గరా ఉంచుకోవాలి.
• అద్దె బ్యాంకు ఖాతా ద్వారానే చెల్లించాలి.

ఇల్లు బ్యాంకు లీజుకు తీసుకున్నదైతే ఒప్పందంలో కిరాయిదారు బ్యాంకే. అప్పుడు అద్దె పెంపుపై మనం సొంతంగా మాట ఇవ్వకూడదు. యజమాని కోరికను రాతపూర్వకంగా తీసుకుని, గడువుకు చాలా ముందే ప్రాంతీయ కార్యాలయానికి పంపాలి.

రుణ పత్రంలో ప్రతి షరతూ చదివించి సంతకం తీసుకునే మనం, మన ఇంటి ఒప్పందాన్ని స్టాంపు వెండరు దగ్గరి అచ్చు నమూనాకు వదిలేస్తుంటాం. రుణగ్రహీతకు చెప్పే జాగ్రత్తే మన కిరాయానామాకూ అవసరం.