మడ అడవుల సంరక్షణ: చట్టం గీసిన హద్దు, పోటునీటి హద్దు

గోదావరి ముఖద్వారం వద్ద కోరింగ వన్యప్రాణి అభయారణ్యాన్ని 1978లో 235.7 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో ప్రకటించారు. కాగితంపై హద్దులు స్థిరంగా ఉన్నాయి. నది మాత్రం ఒకచోట ఒడ్డును కోస్తుంది, మరొకచోట మేట వేస్తుంది. కొత్త మేటపై తెల్లమడ తనంతట మొలిచినప్పటికీ, అటవీ ప్రకటన వెలువడనంత వరకు ఆ నేల రెవెన్యూ లెక్కలలో పోరంబోకుగానే ఉండవచ్చు. ఇళ్ల స్థలాల, రొయ్యల చెరువుల ఒత్తిడి ఇటువంటి మడపైనే అధికం. కాకినాడ దుమ్ములపేట వద్ద ఇళ్ల స్థలాల కొరకు మడ భూమిని చదును చేసిన వ్యవహారం 2020లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు వచ్చింది.

చట్టాలు లేక కాదు. పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద 2019లో వెలువడిన తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటన ప్రకారం మడ ఎవరి భూమిలో ఉన్నా అది అత్యంత సున్నిత మండలమే. 1000 చదరపు మీటర్లు, అనగా సుమారు పాతిక సెంట్లు మించిన మడకు 50 మీటర్ల రక్షణ మేఖల ఉండాలి. ప్రైవేటు భూమిలో మేఖల అక్కరలేదనుట సమంజసమని తోచదు. పోటునీరు పట్టా చూసి రాదు. పైగా తీర నిర్వహణ పటాల స్కేలు 1:25,000. పాతిక సెంట్ల మడ ఆ పటంలో ఒకటింపావు మిల్లీమీటరు భుజం గల చదరమే.

గొడ్డలి పడకుండానే మడ చచ్చిపోవడం అంతకన్న క్లిష్టమైన సమస్య. చెరువు గట్టు పోటుకాలువకు అడ్డుపడిన పిమ్మట లోపల నిలిచిన నీరు ఆవిరై, నేలలో లవణాలు పేరుకొని, చెట్లు క్రమంగా ఎండుతాయి. సముద్రజల సహజ గమనానికి గట్టు వేసి అడ్డుపడడాన్ని పై ప్రకటన నిషేధించింది. కాని అటవీ సిబ్బంది తమ హద్దు వరకే చూస్తారు. మత్స్యశాఖ చెరువును చూస్తుంది. రాష్ట్ర తీరమండల నిర్వహణ ప్రాధికార సంస్థ గస్తీ తిరిగే శాఖ కాదు. నరికివేత లేనందున కేసూ నమోదు కాదు.

1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు నియంత్రిత తీరమండలంలోని రొయ్యల చెరువులను తొలగించాలని ఆదేశించింది. విద్యార్థులు సాధారణంగా అంతవరకే చదువుతారు. 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఆ సాగును మళ్లీ నమోదు పద్ధతిలోకి తెచ్చిందన్నది మిగిలిన సగం.

ఆ నమోదు ఐదేళ్లకే చెల్లుతుంది. విస్తరణ శాస్త్రవేత్తకు అవకాశం ఇక్కడే ఉన్నది. గట్టుకు లోపల, వెలుపల ఒకే వారంలో మట్టి నమూనాలు తీసి, విద్యుత్ వాహకతను కొలిచి, సర్వే నంబరు, తేదీ, పోటు వేళతో సహా నమోదు చేసి, నవీకరణ దరఖాస్తు పరిశీలనకు వచ్చే నాటికి జిల్లా కలెక్టరు అధ్యక్షతన గల కమిటీకి లిఖితపూర్వకంగా అందజేయవచ్చును.